దొరసాని లేచేదాకా

మహబూబ్ బీ పంజరం తలుపు ఓరగా తెరిచి, పాత తువ్వాలు కప్పిన కుడిచెయ్యి లోపలికి పోనిచ్చింది. లోపలున్న కాకటీల్, చిలక జాతి పిట్ట, కొంచెం వెనక్కి జరిగింది గాని కొరకలేదు. ఆమె చూపుడువేలు, బొటనవేలు దాని మెడకు ఇరుపక్కలా ఆనాయి. అరచెయ్యి వీపును మాత్రమే తాకింది. రొమ్ము మీద వేలు పడకూడదు. రొమ్ము ఎగిసి తగ్గితేనే పిట్టకు ఊపిరి. అది ఆడకుండా నొక్కిపట్టుకుంటే చేతిలోనే ప్రాణం పోతుంది. ఈ పనిలో చేరిన కొత్తలో డాక్టరమ్మ ఆమెకు నేర్పిన మొదటి సంగతి అదే.

బూడిదరంగు ఒళ్ళు, పసుపు ముఖం, బుగ్గల మీద కుంకుమబొట్లలాంటి మచ్చలు, తలమీద కుచ్చు. పేరు దొరసాని. నెల పైగా ఈ పిట్టల ఆసుపత్రిలోనే ఉంటోంది. మహబూబ్ బీ దాన్ని తూకం మీద పెట్టి చూసి, వెల్లకిలా తిప్పింది. రెండు కాళ్ళ మధ్య, పొట్ట అడుగున, పెద్ద రేగుపండంత ఉబ్బు. చర్మం మందంగా, పసుపుపచ్చగా సాగి ఉంది. నిన్నటిదాకా వేలితో తాకితే మెత్తగా లోపలికి జరిగేది. ఇవాళ గోలీలాగా గట్టిగా ఉంది. ఒక అంచున నీలం తేలింది. పంజరం అడుగున పరిచిన కాగితం మీద తెల్లటి నీళ్ళు తప్ప రెట్ట లేదు.

ఆమె వేలు వెంటనే తియ్యలేదు. ఆ గట్టిదనం ఆమెకు తెలుసు. తెల్లవారిందగ్గర్నుంచీ తన పొట్టలోనూ అదే ఉంది.

కొడుకు ముజఫర్ పుట్టినాక చేయించుకున్న కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కుట్టు దగ్గర మొదలైంది అది. మొదట శనగగింజంత, తర్వాత నిమ్మకాయంత, ఇప్పుడు పిడికిలంత. రాత్రి పడుకున్నప్పుడు చేత్తో అదిమితే గుడగుడమంటూ లోపలికి పోయేది. పగలు పాత చీర చింపిన గుడ్డను నడుము చుట్టూ బిగించి కట్టుకునేది. కోడలు నిలోఫర్‌కు కూడా దాని సంగతి పూర్తిగా తెలియదు. ఇవాళ ఏర్పేడులో ఇంటి ముందు నీళ్ళబిందె ఎత్తినప్పుడు బయటికొచ్చింది. వచ్చింది వచ్చినట్టే ఉంది. ఎంత అదిమినా లోపలికి పోలేదు. నమాజుకు వంగలేకపోయింది. బస్సులో గుంత వచ్చినప్పుడల్లా పళ్ళు బిగపట్టుకుని, నోట్లో జీలకర్ర వేసుకుని తిరుపతిలో దిగింది.

"మేడమ్మా, ఒకసారి రాండి. దొరసానికి గట్టిపడిపోయి ఉండాది. రాత్రి నుంచి రెట్ట కూడా వెయ్యలే."

డాక్టర్ నవీన కాఫీ గ్లాసు కింద పెట్టి వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ జుట్టు ముడేసుకునే ఉంటుంది. ఉబ్బు మీద దీపం వేసి చూసింది. చర్మం వెనక పేగు చుట్ట నీడలాగా కనిపించింది.

"పేగు ఇరుక్కునింది బీబమ్మా. వచ్చేవారం దాకా ఆగుదామనుకున్నాం గాని, ఇంక కుదరదు. ఈరోజే చేసెయ్యాల."

"ఆగితే ఏమైతాది మేడమ్మా?"

"లోపల రక్తం ఆడక పేగు చచ్చిపోతాది. ఆ విషం ఒళ్ళంతా పాకుతాది."

"ఎంతసేపు తట్టుకుంటాది?"

నవీన తల ఎత్తి చూసింది. మహబూబ్ బీ ఎప్పుడూ ఇలాంటి ప్రశ్నలు అడగదు. చెప్పిన పని చేసుకుపోవడమే ఆమెకు తెలుసు.

"ఎవురం చెప్పలేం. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. దీన్ని తెచ్చిన ఆయనకు ఫోన్ చేస్తా. నువ్వు లోపల బల్ల సర్దు."

మహబూబ్ బీ లోపలికి వెళ్ళి వేడి పరుపు మీట వేసింది. కత్తెరలు, పట్టకార్లు ఉడకబెట్టే డబ్బా మూత తీసింది. వంగినప్పుడు కడుపులో మెలిపెట్టింది. గోడకు చెయ్యి ఆనించి, నొప్పి తగ్గేదాకా నిలబడింది. డాక్టరమ్మకు చెప్పవచ్చు. బయటే ఉంది, నాలుగడుగుల దూరం. రెండేళ్ళ కిందట ఒకసారి ఆమె నడుముకట్టు చూసి అడిగింది కూడా. "ఇది హెర్నియా కదా! పెద్దాసుపత్రిలో మా క్లాస్‌మేట్ ఉండాది, నేను మాట్లాడతా" అంది. "రంజాన్ పోనీండి మేడమ్మా" అంది మహబూబ్ బీ. రంజాన్ పోయాక మనవరాలు అఖ్సా బడి సెలవులు అయిపోనీండి అంది. ఆ తర్వాత డాక్టరమ్మ గుర్తుచేసినప్పుడల్లా ఇప్పుడేం నొప్పి లేదంది. డాక్టరమ్మకు పని ఎక్కువ. అలాగే గడిచిపోయింది.

అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కోత అంటే భయం లేదు. మత్తు అంటే భయం. పిట్ట ముక్కుకు మాస్కు తొడిగి మత్తుగాలి వదలగానే రెప్పలు వాలిపోవడం, కాళ్ళ పట్టు సడలడం, ఆ తర్వాత కొన్ని లేవడం, కొన్ని లేవకపోవడం ఆమె చేతుల్లోనే జరిగేది. లేవని వాటిని మెత్తటి కాగితంలో చుట్టి బయట కూర్చున్నవాళ్ళకు ఇచ్చేది కూడా ఆమే. పొద్దున కిచకిచలాడి, తన వేలు పట్టుకున్న పిట్ట, ఏ నొప్పీ లేకుండానే, ఊరికే లేవకుండా పోయేది. ఆ పోవడం ఎటు పోతుందో ఆమెకు అంతుపట్టలేదు.

ఆమె భర్త నాయబ్ రసూల్ పంజరాలు అల్లేవాడు. ఇనపతీగ తెచ్చి, కొలతకు కత్తిరించి, ఇంటిముందు కూర్చుని అల్లేవాడు. తలుపులు, గొళ్ళాలు మహబూబ్ బీ వంతు. సైకిల్ వెనక గుట్టగా కట్టుకుని తిరుపతి వీధుల్లో అమ్మేవాడు. పెళ్ళయిన నాటినుంచి ఎన్ని తలుపులు అల్లిందో ఆమెకే తెలియదు. వాటిలో ఏ పిట్ట ఉంటుందో, ఏం తింటుందో, జబ్బు చేస్తే ఏం చేస్తుందో ఎప్పుడూ అనుకోలేదు. తీగ గీరుకుపోయిన చేతులకు రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. నవీన కొత్తగా ఆసుపత్రి పెట్టినప్పుడు పంజరాలన్నీ నాయబ్ రసూల్ దగ్గరే చేయించుకుంది. అతను గుండెపోటుతో పోయాక ఒక పంజరం గొళ్ళెం ఊడిపోతే, బాగుచేయడానికి మహబూబ్ బీ వచ్చింది. గొళ్ళెం బిగించి, ఆ పక్కనే చెత్త ఉంటే ఊడ్చింది. మర్నాడు కూడా రమ్మంది డాక్టరమ్మ. అప్పటినుంచి వస్తూనే ఉంది.

దొరసానిని పెంచుకునే మునస్వామి పుత్తూరు బస్సు దిగి ఆటోలో వచ్చాడు. అరవై దాటిన రైతు. భుజం మీద తువ్వాలు, చెప్పులకు ఎర్రమన్ను. మామిడితోటలో కాపలా గుడిసె దగ్గర ఒంటరిగా కూర్చోవడం విసుగై, చెన్నై పోయినప్పుడు ఈ పిట్టను కొని తెచ్చుకున్నాడు. అతను తింటే అదీ తినాలి. సెనిక్కాయ గింజలు, పొద్దుతిరుగుడు గింజలు చేతిలో పోసుకుని తినిపించాడు. అవి తప్ప మరేదీ ముట్టనంత అలవాటైంది. పిట్ట గుండ్రంగా, నున్నగా అయింది. చూసినవాళ్ళు భలే ఉందన్నారు. ఒకరోజు కొమ్మమీద నిలవలేక కుంటుతుంటే కాలు బెణికిందనుకుని, ఊళ్ళోనే విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడి పెద్దాయన రెక్క ఎత్తి చూసి, "ఎముకది కాదప్పా ఇది. కడుపులో ఏందో ఉండాది, తిరప్తికి పో" అని పంపేశాడు.

కాలేయానికి కొవ్వు పట్టిందని, అది ఉబ్బి లోపల చోటు లేక, పొట్ట కండ పల్చబడి పేగు జారిందని నవీన అప్పుడే చెప్పింది. ఆ కాలేయంతో మత్తిస్తే తట్టుకోదు, కోస్తే రక్తం ఆగదు. అందుకే ముందు తిండి మార్చడానికి ఇక్కడ ఉంచుకుంది. ఆ నూనెగింజలు మానిపించడం మహబూబ్ బీ పని. మొదట దొరసాని గిన్నె తన్నేసింది. తర్వాత అలిగి మూలకు తిరిగి కూర్చుంది. ఆమె కొర్రలు, తను మొలకెత్తించిన పెసలు, తురిమిన క్యారెట్, మునగాకు తన అరచేతిలో పెట్టుకుని, తానూ తింటున్నట్టు నోరాడిస్తూ పంజరం ముందు కూర్చునేది. ఒకనాడు అది వచ్చి ఆమె చేతిలోంచి ఒక మునగాకు లాక్కుంది.

మునస్వామి ఇవాళ్టి సంగతంతా నవీన చెప్పగా విని బల్లమీద కూలబడ్డాడు.

"బతుకుతాదామ్మా?"

"చేస్తే బతకొచ్చు. మత్తులోంచి లేవకనే పోవచ్చు కూడా. చెయ్యకపోతే మాత్రం రేపో ఎల్లుండో అంతే," అంది నవీన. "మీరు సరే అంటేనే చేస్తా. ఆలోచించుకోండి."

ఆమె లోపలికి వెళ్ళింది. మునస్వామి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పంజరం పక్కన నిలబడ్డ మహబూబ్ బీని చూశాడు.

"నేనే పెట్టినాను గదక్కా దీనికి. మా ఇంటామె వద్దంటానే ఉండె. అది అడుగుతా ఉంటే ఎట్ల లేదనేది? ఇప్పుడు కొయ్యమని చెప్పే నోరు రాలా నాకు. నువ్వు శానా చూసింటావు. నీ పిట్టయితే ఏం చేస్తావు?"

మహబూబ్ బీ పంజరంలోకి ఒకసారి చూసింది. నుదుట చెమట పట్టింది. చీర కొంగుతో అద్దుకుంది.

"నాకూ భయమేన్నా," అంది. "అయినా గట్టిపడిపోయినాక ఇంక ఏం చేస్తాం. చెయ్యమని చెప్పు."

"నువ్వు దగ్గరుంటావు కదా?"

"నేనే పట్టుకుంటా."

దొరసానిని వేడి పరుపు మీద పడుకోబెట్టారు. ముక్కుకు మాస్కు తొడిగింది మహబూబ్ బీ. సన్నగా గాలి చప్పుడు. కుచ్చు ఒకసారి నిక్కి, వాలింది. రెప్పలు కిందినుంచి పైకి మూసుకున్నాయి. కాలివేళ్ళు ఆమె చిటికెనవేలిని పట్టుకుని ఉన్నవి, ఒక్కొక్కటే విడిపోయాయి. ఆమె పిట్ట పొట్ట దగ్గరి ఈకలు తీసి, మందు అద్ది, చిల్లు ఉన్న గుడ్డ కప్పింది. నవీన భూతద్దాల కళ్ళజోడు దించుకుంది.

గుండె చప్పుడు వినిపించే యంత్రం ఉంది. అయినా ఊపిరి సంగతి మహబూబ్ బీ నోటితో చెబుతూ ఉండటం నవీనకు అలవాటు. కళ్ళు కోత మీదినుంచి తియ్యనవసరం లేదు.

"వస్తా ఉండాది," అంది మహబూబ్ బీ. "వస్తా ఉండాది."

చర్మం విడింది. పసుపు కొవ్వు పొర. దాని కింద పేగు చుట్ట, ముదురు నేరేడు రంగులో. నవీన వెచ్చటి ఉప్పునీళ్ళు చుక్కలుగా పోస్తూ, ఇరుకైన కండ అంచును కొద్దిగా కోసి వెడల్పు చేసింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. మెల్లగా నేరేడు రంగు ఎరుపుకు తిరిగింది.

"బతికే ఉండాది పేగు," అంది నవీన. "టైముకు తీసినాం."

మహబూబ్ బీ కడుపులో పొద్దున్నుంచి అలలా వచ్చిపోయే నొప్పి ఇప్పుడు పోవడం మానేసింది. మోచేతులు బల్లకు ఆనించి బరువు వాటిమీద వేసింది. చేతులు మాత్రం కదలలేదు.

లోపల కాలేయం అంచు కనిపించింది. మామూలుగా పల్చటి అంచుతో ముదురురంగులో ఉండవలసింది, మొద్దుబారి, పసుపు కలిసిన మట్టిరంగులో ఉంది. "అయినా తగ్గింది చూడు. నెల కిందట ఐతే దీన్ని తెరిచేదానికే లేదు. నీ మునగాకే దీన్ని ఇంతదాకా తెచ్చింది బీబమ్మా," అంటూ పేగును లోపలికి సర్దింది నవీన. కాలేయం తగ్గినా చోటు ఇంకా చాలలేదు. పేగు లోపలికి పోయేసరికి ఊపిరి తిత్తులు నొక్కుకున్నాయి.

"మేడమ్మా, ఆగింది."

నవీన మత్తుగాలి కట్టేసి, ప్రాణవాయువు సంచి మెల్లగా నొక్కింది. మహబూబ్ బీ తల కొద్దిగా ఎత్తి పట్టింది. రొమ్ము కదల్లేదు. యంత్రంలో గుండె చప్పుడు దూరం దూరంగా పడింది. "యా అల్లా," అంది మహబూబ్ బీ, పెదాలు కదలకుండా. సంచి మళ్ళీ నొక్కింది నవీన. మళ్ళీ. రొమ్ము మీది ఈక ఒకటి లేచింది. పడింది. లేచింది.

"వస్తా ఉండాది."

కండకు కండ కలిపి, వెంట్రుకంత దారంతో నవీన కుట్లు వేసింది. చర్మానికి వేసింది. మాస్కు తీసేసింది. మహబూబ్ బీ దొరసానిని తువ్వాలులో చుట్టి రెండు చేతుల్లోకి తీసుకుంది. అది లేచేదాకా అలా పట్టుకోవడం కూడా ఆమె పనే. బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చోబోయి, కూర్చోలేక, గోడకు ఆనుకుని నిలబడింది. నవీన చేతులు కడుక్కుంటూ వెనక్కి చూడలేదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత తువ్వాలులో ఒక కాలు తన్నింది. ఒక రెప్ప తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది. నల్లటి కన్ను ఎటో చూసి, ఆమె ముఖం మీద నిలిచింది. కుచ్చు సగం లేచింది. ఆమె బొటనవేలు గోటిని ముక్కుతో పట్టుకుని, బలం లేక వదిలేసింది.

"లేచింది మేడమ్మా," అంది మహబూబ్ బీ. పిట్టను వెచ్చటి పంజరంలో పడుకోబెట్టి, తలుపు గొళ్ళెం వేసి, అప్పుడు చెప్పింది. "నాది కూడా గట్టిపడిపోయి ఉండాది. నన్ను తీసకపోండి. చేయించుకుంటా."

నవీనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమెను బల్లమీద పడుకోబెట్టి నడుము గుడ్డ విప్పింది. ఉబ్బు మీద చర్మం ఎర్రగా మెరుస్తోంది. చెయ్యి తగలగానే మహబూబ్ బీ కేక పెట్టింది. ఆ ఆసుపత్రిలో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

"ఎప్పటినుంచి?"

"తెల్లారినప్పటినుంచి."

"పొద్దున నన్ను అడిగితివే... ఎంతసేపు తట్టుకుంటాదని! అప్పుడే చెప్పకూడదా? ఆపరేషన్ ఆపేసి తీసకపోయేదాన్ని కదా!"

"అందుకే సెప్పలే," అంది మహబూబ్ బీ. కాస్త ఆగి, కళ్ళు మూసుకుని, "అదొకటే కాదులే మేడమ్మా. భయం. అది లేస్తాదో లేదో సూసి సెప్దామనుకున్నా," అంది.

మునస్వామి ఒకపక్క, నవీన ఒకపక్క పట్టుకుని కారెక్కించారు. మునస్వామి ఆమె కాళ్ళు మెల్లగా లోపలికి సర్ది, "ఏం కాదులేక్కా," అన్నాడు. నవీన పెద్దాసుపత్రికి వెళ్ళే దారిలోనే స్నేహితురాలికి ఫోన్ చేసింది, ముజఫర్‌కు చేసింది. ముజఫర్ ఏర్పేడులో పంచర్ షాపు మూసి, చేతుల నల్లటి మరకలతోనే వచ్చాడు. అప్పటికి తల్లిని లోపలికి తీసుకుపోతున్నారు. "అఖ్సాకు జడెయ్యాల, నిలోఫర్‌కు సెప్పు," అని మాత్రం అంది.

పేగు చాలామేరకు చచ్చిపోయి ఉంది. అంతమేరకు తీసేశారు. మహబూబ్ బీ మత్తులోంచి లేచింది. కొడుకు ముఖం పోల్చుకుంది. "లేచినానా?" అని అడిగింది. లేచినావమ్మా అన్నాడు ముజఫర్. ఆమె నవ్వినట్టే ఉందని అతను తర్వాత నవీనతో చెప్పాడు. దొరసాని తిన్నదా అని కూడా అడిగింది. విషం అప్పటికే రక్తంలో కలిసింది. మర్నాడు సాయంత్రం జ్వరం ఎక్కువై, మాట తగ్గి, అసర్ నమాజు పిలుపు వినబడుతుండగా పోయింది. ఏర్పేడులో భర్త గోరీ పక్కనే పాతిపెట్టారు. నవీన వెళ్ళింది. ఆడవాళ్ళతో పాటు ఇంట్లో కూర్చుని వచ్చింది.

కుట్లు ఆరాక మునస్వామి పిట్టను తీసుకుపోవడానికి వచ్చాడు. దొరసాని కొమ్మ మీద రెండుకాళ్ళతో నిలబడి ఉంది. అతన్ని చూసి కుచ్చు నిక్కించింది.

"ఆయమ్మ ఎట్లుండాది?" అన్నాడు మునస్వామి. "ఇంటికొచ్చేసిందా? మామిడిపండ్లు తెచ్చినా ఆమెకని."

నవీన చెప్పింది. అతను సంచిని నేలమీద పెట్టాడు. కాసేపు పంజరం తీగలు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను అడిగినప్పుడు... అప్పుడు కూడా నొప్పితోనే ఉండిందా?"

"నొప్పితోనే."

"నాకూ భయమేన్నా అనింది. పిట్ట గురించి అనుకున్నా నేను." అతను తువ్వాలు తీసుకున్నాడు గాని ముఖం తుడుచుకోలేదు. "వాళ్ళ ఇల్లు యాడ? పండ్లు ఆడికే తీసకపోతా. మనవరాలు ఉండాదన్నారు కదా."

నవీన దారి చెప్పింది. ముజఫర్ పంచర్ షాపు పేరు చెబితే ఎవరైనా చూపిస్తారంది. తర్వాత పిట్టకు ఏం పెట్టాలో చెప్పమని అడిగాడు. కొర్రలు, ఆకులు, మొలకెత్తిన పెసలు, నూనెగింజలు మాత్రం ముట్టనియ్యొద్దు అంది నవీన. "మొలకలు ఎంత పొడుగుండాల?" అన్నాడు అతను. నవీనకు సరిగ్గా తెలియదు. అది ఎప్పుడూ మహబూబ్ బీ చూసుకున్న పని. మొలకలేమైనా ఉంటే చూపిద్దామని వెనక వంటగదిలోకి వెళ్ళింది. ఆ రోజు తర్వాత అటు ఎవరూ పోలేదు.

కుళాయి మెడకు తెల్లటి గుడ్డమూట ఒకటి కట్టి ఉంది, రెండు పేటల ముడితో. కుళాయి చుక్క చుక్కగా దాని మీదికి కారుతోంది. లోపలి పెసలు మొలకెత్తి, ఇంకా పెరిగి, గుడ్డ నేతలోంచి తోసుకుని బయటికొచ్చి, కొసల్లో చిన్న చిన్న ఆకులు విప్పుకుని ఉన్నాయి.